45 డిగ్రీల ఎండలో ఫోన్ కెమెరా: పల్నాడు వేసవిని తీద్దాం, నలుగురితో పంచుకుందాం

మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట, రెంటచింతల. ఈ మూడూ కలిసిన చోట మీ ఫోన్ కెమెరా ఎంతసేపు పనిచేస్తుంది? ఏ కంపెనీ స్పెసిఫికేషన్ షీట్ చూసినా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. మెగాపిక్సెళ్లు ఉంటాయి, అపెర్చర్ ఉంటుంది, 100 ఎక్స్ జూమ్ అని పెద్దక్షరాలతో ఉంటుంది. ఎండ మాత్రం ఉండదు. కానీ మన దగ్గర వేసవి ఫోటో అంటే ముందు ఎండే.

రెంటచింతల పేరు ప్రతి వేసవిలో టీవీ స్క్రోలింగ్‌లో వస్తుంది. 45 దాటిందంటే ఇక్కడెవరూ ఉలిక్కిపడరు, "నిన్నటికంటే అరడిగ్రీ తక్కువే" అని మాట్లాడుకుంటారు. నరసరావుపేట, పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల ఏ ఊరైనా ఆ రోజుల్లో పరిస్థితి ఇంచుమించు అంతే. ఇంకోవైపు ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడుకోమని యాపిల్ తన సపోర్ట్ పేజీలోనే రాసుకుంది. అంటే ఏప్రిల్ మొదలైనప్పటి నుంచి మన పగటిపూట మొత్తం ఆ గీత అవతలే. ఆండ్రాయిడ్ ఫోన్ల సంగతీ పెద్ద తేడా ఏమీ ఉండదు, లోపల ఉన్నది అదే లిథియం బ్యాటరీ, అలాంటి చిప్పే కదా.

నేను పనిచేసేది సాఫ్ట్‌వేర్‌లో. వేసవిలో కొన్నాళ్లు వర్క్ ఫ్రం హోమ్ పెట్టుకుని ఊరికొస్తాను. బీటెక్ బ్యాచ్‌వాళ్లు, బావలు, మరదళ్లు, అందరం కలిపి పన్నెండుమందిమి రోజుకి ఒక్క ఫోటో చొప్పున పంచుకుంటాం. డీఎస్ఎల్ఆర్ ఉన్నవాడు ఒక్కడే, మిగతా అందరివీ ఫోన్లే. 15 వేల ఫోన్ దగ్గర్నుంచి లక్ష రూపాయల ఫోన్ దాకా అన్నీ ఉన్నాయి. ఒకే ఎండలో, ఒకే ఊళ్లో, ఇన్ని రకాల ఫోన్లు తీసిన ఫోటోలు పక్కపక్కన చూస్తే రివ్యూల్లో తెలియని విషయాలు చాలా తెలుస్తాయి. ఈ ఆర్టికల్ వాటి గురించే.

ముందు ఫోన్‌ని బతికించుకుందాం

ఫోన్ వేడెక్కితే ఒక్కసారిగా ఆగిపోదు. మెల్లగా ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ వస్తుంది. మొదట స్క్రీన్ డిమ్ అవుతుంది. ఎండలో అసలే ఏమీ కనపడదు, అప్పుడే డిమ్ అవుతుంది, అదీ మన ఖర్మ. తర్వాత చార్జింగ్ నెమ్మదిస్తుంది, ఫ్లాష్ పనిచేయదు, 4కే వీడియో మధ్యలో ఆగిపోతుంది. చివరికి "ఫోన్ చల్లబడాలి" అని మెసేజ్ పెట్టి కెమెరా మూసుకుంటుంది. ఇదంతా లోపం కాదు, బ్యాటరీని కాపాడుకోవడానికి సాఫ్ట్‌వేర్ కావాలని చేసే పనే.

ఇక్కడ కంపెనీలు చెప్పే నిట్స్ లెక్క గురించి ఒక మాట. 4500 నిట్స్ పీక్ బ్రైట్‌నెస్ అని వేస్తారు చూడండి, అది హెచ్‌డీఆర్ వీడియోలో చిన్న భాగం మీద కాసేపు వచ్చే వెలుగు. ఎండలో మొత్తం స్క్రీన్ మీద వచ్చేది హై బ్రైట్‌నెస్ మోడ్ అంకె, అది దానికంటే చాలా తక్కువ. ఫోన్ వేడెక్కితే అది కూడా రాదు. మీరు పొలాల్లో, రోడ్ల మీద ఫోటోలు తీసేవాళ్లైతే కొనేముందు చూడాల్సింది ఈ రెండో అంకె. ఇంకోటి, పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్‌ని ఒక వైపు తిప్పితే కొన్ని స్క్రీన్లు నల్లగా అయిపోతాయి. ఫోన్ పాడైందని కంగారు పడకండి, అద్దాలు తీసి చూడండి.

వేడి తగ్గించడానికి మేం చేసేది చాలా సింపుల్. వెనకాల కవర్ తీసేస్తాం. డేటా, బ్లూటూత్ ఆపేస్తాం. ఫోటో తీశాక ఫోన్‌ని చేతిలో పట్టుకుని తిరగకుండా తెల్లటి తువ్వాల్లో చుట్టి సంచిలో పెడతాం. బండి ట్యాంక్ మీద, కారు డ్యాష్‌బోర్డ్ మీద అస్సలు పెట్టం. వేడెక్కిన ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టే తెలివైనవాళ్లు మీ ఇంట్లో కూడా ఉంటే ఆపండి. వేడి ఫోన్ ఒక్కసారిగా చల్లబడితే లోపల గాలిలో ఉన్న తేమ నీటి బొట్లుగా మారుతుంది, లెన్స్ లోపలివైపు ఆవిరి పడితే తుడవడానికి కూడా కుదరదు. ఫ్యాన్ కింద నీడలో పది నిమిషాలు పెడితే చాలు.

మనిషి సంగతి కూడా ఇంతే. పదకొండు నుంచి నాలుగు దాకా బయటికెళ్లి ఫోటోలు తీయాల్సిన పని లేదు. వడదెబ్బ భయం ఒకటైతే, ఆ టైంలో వెలుగు కూడా బాగుండదు. మే మొదటి వారంలో ఒక రోజు మధ్యాహ్నం సూర్యుడు పల్నాడుకి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా పాతిన కర్రకి నీడ పడదు. ఆగస్టులో ఇంకోసారి ఇలాగే జరుగుతుంది. ఆ నీడలేని రోజు ఫోటో తీయడం సరదాగానే ఉంటుంది గానీ, అదే వెలుగులో మనిషి ముఖం తీస్తే కళ్లు ఉండాల్సిన చోట రెండు నల్ల గుంటలు వస్తాయి.

ఇంకో చిక్కు ఎండమావులు. మాచర్ల నుంచి గురజాల రోడ్డు మీద మధ్యాహ్నం దూరంగా వస్తున్న బస్సుని జూమ్ చేసి తీయండి. ఫోటో మెత్తగా, నీళ్లలో కదిలినట్టు వస్తుంది. ఫోకస్ తప్పిందనుకుని పది సార్లు తీస్తారు, పదీ అలాగే వస్తాయి. తప్పు ఫోన్‌ది కాదు. రోడ్డు మీది వేడి గాలి, పైన ఉన్న గాలి సాంద్రత వేరువేరు, వెలుగు వాటి గుండా వంకర్లు తిరుగుతూ వస్తుంది. దాని మీద ఫోన్ షార్పెనింగ్ వేస్తే ఆ వంకర్లకి అంచులు కూడా గీసిపెడుతుంది. ఏ లెన్సూ దీన్ని సరిచేయలేదు. పొద్దున్నే తీయడం, లేదా దగ్గరికెళ్లి తీయడం, ఈ రెండే దారులు.

మిర్చి కల్లం: ఎరుపు దగ్గర అన్ని ఫోన్లూ తడబడతాయి

పల్నాడులో ఫోన్ కెమెరాకి నిజమైన పరీక్ష పెట్టాలంటే మిర్చి కల్లం దగ్గరికి తీసుకెళ్లాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు నడుస్తాయి. కాయలు కోసి కల్లంలో ఆరబోస్తారు. ఎకరాల కొద్దీ ఎరుపు, పక్కన తెల్ల చీరల్లో, రంగు చీరల్లో కూర్చుని తాలు కాయలు ఏరే ఆడవాళ్లు, పైన తెల్లటి ఆకాశం. చూడ్డానికి ఇంతకంటే అందమైన దృశ్యం ఉండదు. ఫోన్‌లో చూస్తే మాత్రం ఎర్ర రంగు ప్లాస్టిక్ పట్టా పరిచినట్టు ఉంటుంది. మొన్న మా బావ పెట్టిన ఫోటోకి వచ్చిన మొదటి రిప్లై ఇదే: "బావా, ఇది మిర్చా, పట్టానా?"

ఎందుకిలా అవుతుందో తెలిస్తే సరిచేయడం తేలిక. కెమెరా సెన్సర్ మీద ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చని, ఒకటి ఎరుపుని, ఒకటి నీలాన్ని చూస్తాయి. ఇక ఫోటో ఎంత వెలుగుగా ఉందో లెక్కగట్టే స్టాండర్డ్ ఫార్ములాలో ఆకుపచ్చకి దాదాపు 72 శాతం, ఎరుపుకి 21 శాతం, నీలానికి 7 శాతం వెయిటేజీ. మన కన్ను కూడా ఇంచుమించు అలాగే చూస్తుంది కాబట్టి ఆ లెక్క పెట్టారు. ఫ్రేమ్ నిండా ఎరుపే ఉంటే ఏమవుతుంది? ఆ లెక్క ప్రకారం దృశ్యం చీకటిగా ఉన్నట్టు తేలుతుంది. ఫోన్ ఎక్స్‌పోజర్ పెంచుతుంది. ఎరుపు చానల్ ఫుల్ అయిపోయి ఇంక పైకి పోలేక అక్కడే ఆగిపోతుంది. కాయకీ కాయకీ మధ్య ఉన్న తేడా, తొడిమ దగ్గర ముడత, ఎండిన కాయ మీద మెరుపు, అన్నీ ఒకే అంకెలోకి వెళ్లిపోతాయి. పైగా సీన్ ఆప్టిమైజర్ ఆన్‌లో ఉంటే అది ఇంకో చెంచాడు రంగు కలుపుతుంది.

పరిష్కారం: కాయల రాశి మీద ట్యాప్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని కిందికి లాగండి. ప్రో మోడ్ ఉంటే ఈవీ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 మధ్య. స్క్రీన్ మీద కాస్త డల్‌గా కనిపిస్తుంది, పర్లేదు. సీన్ ఆప్టిమైజర్, వివిడ్ మోడ్ ఆపేయండి. రా ఫార్మాట్ ఉంటే అందులో తీయండి, ఎరుపుని తర్వాత వెనక్కి తెచ్చుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం టైం. పొద్దున ఏడు లోపు వెలుగు పక్కనుంచి వస్తుంది, ప్రతి కాయకీ చిన్న నీడ పడుతుంది. అప్పుడే కాయలు కాయల్లా కనిపిస్తాయి.

ఇదంతా హాబీ గోల అనుకోకండి. ఆ ఫోటో మీద డబ్బులు కూడా ఆధారపడి ఉంటాయి. మిర్చి ధరలో రంగుదే పెద్ద పాత్ర. తేజ అయినా, 334 అయినా, బాడిగ అయినా, రంగు బాగుంటే ఒక రేటు, తాలు ఎక్కువుంటే ఇంకో రేటు. ఇప్పుడు శాంపిల్ ఫోటోలు వాట్సాప్‌లో పంపి మాట్లాడుకోవడం మామూలైపోయింది. మా మావయ్యకి కొత్త ఫోన్ కొనిచ్చాం. పాత ఫోన్ తీసిన ఫోటో ఒకటి, కొత్త ఫోన్‌ది ఒకటి పక్కపక్కన పెట్టి చూసి, "దీన్లో తాలు కూడా ఎర్రగానే వచ్చిందిరా అబ్బాయ్. సరుకు చూశాక నన్ను అబద్ధాలకోరు అంటారు" అన్నాడు. ఏ రివ్యూలోనూ ఇంత మంచి కెమెరా కంపారిజన్ చదవలేదు నేను. వివిడ్ మోడ్ ఆపేసి, తెల్ల కాగితం ఒకటి రాశి పక్కన పెట్టి తీయడం నేర్పించాను. కాగితం తెల్లగా కనిపిస్తే రంగు నమ్మొచ్చు.

ఒక చిన్న టెక్నికల్ గొడవ ఇంకోటి ఉంది. ఇప్పటి మంచి ఫోన్లు డిస్‌ప్లే పీ3 అనే కలర్ స్పేస్‌లో ఫోటో తీస్తాయి. పాత ఎస్ఆర్‌జీబీ కంటే ఇందులో ఎక్కువ ఎరుపులు పడతాయి. పంపే యాప్, చూసే ఫోన్ రెండూ దాన్ని సరిగ్గా చదివితే సరే. లేదంటే మీ ఫోన్‌లో నిప్పులా ఉన్న మిర్చి అవతలివాళ్ల ఫోన్‌లో ఇటుకపొడిలా ఉంటుంది. ఎవరి ఫోటో చూసి "రంగు బాలేదు" అనేముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పిట్టలు, జూమ్, ఓ మట్టి మూకుడు

ఫోన్‌తో పిట్టల ఫోటోలు తీయొచ్చా అని అందరూ అడుగుతారు. తీయొచ్చు, కానీ జూమ్‌తో కాదు. కూడికలు తీసివేతలతోనే తేల్చేద్దాం.

5 ఎక్స్ పెరిస్కోప్ లెన్స్ అంటే సుమారు 120 ఎంఎం అనుకోండి. 20 మీటర్ల దూరంలో ఆ లెన్స్‌కి కనిపించే వెడల్పు 6 మీటర్లు. పిగిలిపిట్ట పొడవు 20 సెంటీమీటర్లు. అంటే ఫ్రేమ్ వెడల్పులో 30వ వంతు. 12 మెగాపిక్సెల్ ఫోటో వెడల్పు 4000 పిక్సెళ్లు, కాబట్టి పిట్టకి దక్కేది 133 పిక్సెళ్లు. వాట్సాప్ డీపీకి కూడా చాలదు. ఇక 30 ఎక్స్, 100 ఎక్స్ అంటే ఆ 133 పిక్సెళ్లనే సాగదీసి, మిగతాది సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. 2023 మార్చిలో శామ్‌సంగ్ చందమామ ఫోటోల మీద ఎంత రచ్చ జరిగిందో గుర్తుందా? కావాలని మసకగా చేసిన చందమామ బొమ్మని కంప్యూటర్ స్క్రీన్ మీద పెట్టి ఫోన్‌తో తీస్తే, అందులో లేని గుంటలు కూడా ఫోటోలో వచ్చాయని ఒక యూజర్ రెడిట్‌లో చూపించాడు. చందమామ ఎప్పుడూ ఒకే ముఖం మనవైపు తిప్పి ఉంటాడు కాబట్టి ఊహించినా పెద్ద నష్టం లేదు. పిట్ట అలా కాదు. రెక్క మీద చారలు ఎన్ని, కంటి చుట్టూ వలయం ఉందా లేదా అన్నదాని మీదే అది ఏ పిట్టో తేలుతుంది. సాఫ్ట్‌వేర్ గీసిన ఈకలు చూసి పేరు పెడితే అది ఫోన్ కనిపెట్టిన కొత్త జాతి అవుతుంది.

ఇప్పుడు రెండో లెక్క. డాబా మీద పిట్టగోడ పక్కన నీడలో మట్టి మూకుడుతో నీళ్లు పెట్టండి. ఎండాకాలం కాబట్టి రెండు మూడు రోజుల్లో పిట్టలు అలవాటుపడతాయి. ఫోన్‌ని చిన్న ట్రైపాడ్ మీద మూకుడుకి ఒక మీటరు దూరంలో పెట్టి, మీరు మెట్ల గదిలోకి వెళ్లిపోండి. మామూలు 1 ఎక్స్ లెన్స్‌కి, అంటే 24 ఎంఎంకి, మీటరు దూరంలో కనిపించే వెడల్పు ఒకటిన్నర మీటరు. అదే 20 సెంటీమీటర్ల పిగిలిపిట్టకి ఇప్పుడు 530 పిక్సెళ్లకి పైనే. నాలుగు రెట్లు! పైగా ఇది ఫోన్‌లోని అతిపెద్ద సెన్సర్, ఊహించి గీసే పని లేదు. షట్టర్ కోసం సెల్ఫీ స్టిక్ బ్లూటూత్ బటన్ చాలు, వంద రూపాయల వస్తువు. స్మార్ట్‌వాచ్ ఉంటే స్క్రీన్ మీద చూసి నొక్కొచ్చు. లక్ష రూపాయల ఫోన్ 5 ఎక్స్‌తో తీసిన పిట్ట కంటే, 15 వేల ఫోన్ మూకుడు పక్కన తీసిన పిట్ట మా అందరిలో ఎక్కువ లైకులు కొట్టింది. నీళ్లు మాత్రం రోజూ మార్చండి, దోమలు పెరుగుతాయి.

నేల మీద గూళ్ల విషయం వేరు. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి.

తీతువు పిట్ట తెలుసు కదా. ఎర్రటి ముక్కు, పసుపు కాళ్లు, రాత్రిపూట అరిస్తే చావు కబురు వస్తుందని మన ఊళ్లలో తిట్టుకునే పిట్ట. అది గూడు కట్టదు. వేసవిలోనే బీడు నేల మీద, గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్ల రంగు రాళ్ల రంగులోనే ఉంటుంది, కాలు పడేదాకా కనపడదు. ఫోటోకి అద్భుతమైన సబ్జెక్ట్. అదే దాని ప్రాణం మీదికి వస్తుంది.

కోడిగుడ్లు పొదిగే ఇంక్యుబేటర్‌ని 37.5 డిగ్రీల దగ్గర పెడతారు. దానికి నాలుగైదు డిగ్రీలు ఎక్కువైతే లోపలి పిల్ల బతకడం కష్టం. గాలే 44 డిగ్రీలు ఉన్న రోజు నేల వేడి ఇంకా చాలా ఎక్కువ. అంటే మధ్యాహ్నం తీతువు గుడ్ల మీద కూర్చునేది వాటిని వెచ్చగా ఉంచడానికి కాదు, చల్లగా ఉంచడానికి. దగ్గర్లో నీళ్లుంటే పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మనం ఫోన్ పట్టుకుని దగ్గరికెళ్తే అది లేచి, మన నెత్తి మీద అరుస్తూ తిరుగుతుంది. మనం "వీడియో అదిరింది" అనుకుంటూ పది నిమిషాలు అక్కడే నిలబడితే, ఆ పది నిమిషాలూ గుడ్లు పెనం మీద ఉన్నట్టే. కాబట్టి మాకో రూల్ ఉంది. గూడు ఫోటో ఎవరూ పెట్టరు, ఎవరూ అడగరు. పిట్ట అరుస్తుందంటే వచ్చిన దారినే వెనక్కి.

ఫోటో పంపేటప్పుడు ఏం పోతుంది, ఏం వెంట వెళ్తుంది

వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే సైజు తగ్గుతుందని అందరికీ తెలుసు. మూడు నాలుగు ఎంబీల ఫోటో కొన్ని వందల కేబీలకి దిగిపోతుంది. 2023 ఆగస్టులో హెచ్‌డీ ఆప్షన్ వచ్చాక కొంత మెరుగైంది, అయినా అది ఒరిజినల్ కాదు. అందుకే హాబీగా తీసేవాళ్లు డాక్యుమెంట్‌గా పంపుకోమంటారు. ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

మతలబు అక్కడే ఉంది. మామూలు ఫోటోగా పంపితే వాట్సాప్ క్వాలిటీతో పాటు ఫోటోలో దాగి ఉన్న లొకేషన్‌ని కూడా తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ మిగులుతుంది, లొకేషన్ కూడా మిగులుతుంది. అక్షాంశం, రేఖాంశం, తీసిన నిమిషంతో సహా. మీ ఇంటి డాబా మీద తీసిన పిట్ట ఫోటోలో మీ ఇల్లు ఉంటుంది. అడవి అంచున తీసిన ఫోటోలో ఆ జంతువు నీళ్లు తాగే చోటు ఉంటుంది. మాచర్ల దాటితే నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం మొదలవుతుంది. వేసవిలో నీటి గుంటలు తక్కువ, ఉన్న వాటి దగ్గరికే అన్నీ వస్తాయి. ఆ చోటు ఎవరికి తెలియాలో ఎవరికి తెలియకూడదో మీకు చెప్పక్కర్లేదు.

కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేషన్ ట్యాగ్ ఆపేయడం ఒక పద్ధతి. నేనైతే ఆపను, పదేళ్ల తర్వాత ఎక్కడ తీశానో నాకు కావాలి. పంపేటప్పుడు తీసేస్తాను. ఐఫోన్‌లో షేర్ స్క్రీన్ పైన ఆప్షన్స్ అని ఉంటుంది, అందులో లొకేషన్ ఆఫ్ చేయొచ్చు. చాలా ఆండ్రాయిడ్ గ్యాలరీ యాప్‌లలో కూడా పంపేముందు లొకేషన్ తీసేసే ఆప్షన్ ఉంది.

పిట్టలూ సీతాకోకచిలుకలూ మొక్కలూ తీసే అలవాటుంటే ఐనాచురలిస్ట్‌లో పెట్టండి. 2008లో కాలిఫోర్నియాలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. మీరు ఫోటో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు. అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల లొకేషన్‌ని అదే మసకబారుస్తుంది. మిగతా వాటికి మీరే "అబ్‌స్క్యూర్డ్" అని పెట్టుకోవచ్చు. పిట్టలకైతే ఈబర్డ్ ఉంది. మే నెల రెండో శనివారం వాళ్లు గ్లోబల్ బిగ్ డే చేస్తారు, ఆ రోజు ఎవరు ఎక్కడున్నా చూసిన పిట్టల్ని లెక్క రాస్తారు. మన ఎండల్లో అది కాస్త శిక్షే గానీ, పొద్దున ఆరింటికి మొదలెట్టి ఎనిమిదికి ముగిస్తే చాలు. కోటప్పకొండ గురించి "కాకులు వాలని కొండ" అని తరతరాలుగా చెప్పుకుంటారు. మా వాళ్లలో సగంమంది అక్కడికెళ్లినప్పుడల్లా ఆకాశం వైపే చూస్తుంటారు. ఇప్పటిదాకా ఒక్క కాకి ఫోటో కూడా రాలేదు.

సూర్యాస్తమయాలు ఇక చాలు

ఇది పూర్తిగా నా సొంత అభిప్రాయం. రోజుకి ఒక్క ఫోటో అని రూల్ పెట్టుకున్న మొదటి వారం పన్నెండుమందిలో ఎనిమిదిమంది సూర్యాస్తమయం పెట్టారు. అన్నీ బాగున్నాయి, ఒక్కటీ గుర్తులేదు. గుర్తున్నవి వేరే. ముంజకాయని వెలుగుకి ఎదురుగా పట్టుకుని తీసిన ఫోటో, లోపల నీళ్లు కదులుతున్నట్టు కనిపిస్తాయి. ఆవకాయకి ముక్కలు కొడుతున్న చేతులు, కత్తి గాల్లో ఉన్న క్షణం. డాబా మీద వడియాలు పెట్టిన చీర, మూలన కాపలాకి కూర్చోబెట్టిన పిల్లాడి నిద్ర. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర పని దిగి టీ తాగుతున్న మనుషుల కనుబొమల మీద తెల్లటి పొడి. చివరిది తీసినవాడు ముందు వాళ్లని అడిగి, తీశాక చూపించి, వాళ్ల ఫోన్లకి పంపించాడు. అలా అడిగి తీస్తేనే మనుషుల ఫోటోలు తీయాలి. చెరువులో ఈత కొడుతున్న పిల్లల ఫోటోలు ముఖాలు కనిపించేలా అందరికీ పంపడం కూడా వద్దు, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే తప్ప.

ఎత్తిపోతల వెళ్తే అందరూ తీసేది ఒకే ఫోటో, 70 అడుగుల జలపాతం నిలువునా. వేసవిలో ధార సన్నబడుతుంది, వెనకాల బండ బయటపడుతుంది. నాకు ఆ బండ పొరలే నచ్చుతాయి. నీళ్లు పాలలా రావాలంటే ఐఫోన్‌లో లైవ్ ఫోటో తీసి లాంగ్ ఎక్స్‌పోజర్‌కి మార్చండి, 2017లో ఐఓఎస్ 11 నుంచి ఉంది. పిక్సెల్‌లో 6 నుంచి మోషన్ మోడ్ ఉంది. ప్రో మోడ్‌లో షట్టర్ తగ్గించి పగలు ప్రయత్నిస్తే ఫోటో తెల్లకాగితం అవుతుంది, ఎందుకంటే ఫోన్ లెన్స్‌కి అపెర్చర్ మూసే ఏర్పాటు దాదాపు ఏ ఫోన్‌లోనూ ఉండదు.

అక్కడి నుంచి సాగర్ దగ్గరే. నిండుకుండలా ఉంటే 590 అడుగులు, మే నెలాఖరుకి నీటిమట్టం బాగా దిగి ఒడ్డున బురద పగుళ్లు తేలతాయి. చాలామంది "నీళ్లు లేవు, ఏం తీస్తాం" అని వెనక్కొచ్చేస్తారు. నేను మాత్రం అప్పుడే తీయమంటాను. ఈ నీళ్ల కిందే ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. 1926లో బయటపడింది, 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. 1955 డిసెంబర్ 10న డ్యాంకి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ మొత్తం తవ్వి, తేగలిగినవి కొండ మీదికీ అనుపుకీ తెచ్చింది. తేలేనివి అప్పటి నలుపు తెలుపు ఫోటోల్లోనే ఉన్నాయి. పొడి నేల, కూలీలు, స్కేలు కోసం పక్కన నిలబెట్టిన మనిషి, వెనకాల కొండలు. తీసినవాళ్లు అందంగా రావాలని తీయలేదు. ఇప్పుడు లాంచీలో మ్యూజియానికి వెళ్తూ చూస్తే కొండల అంచులు తప్ప ఆ ఫోటోల్లోవి ఏవీ కనిపించవు. ఎక్కడి నుంచి, ఏ తేదీన తీశారో రాసి పెట్టారు కాబట్టే అవి నేటికీ పనికొస్తున్నాయి. మీ చెరువు ఫోటో కూడా ప్రతి మేలో అదే గట్టు మీద, అదే మెట్టు దగ్గర నిలబడి తీసి చూడండి.

రాత్రి డాబా మీద

వేసవిలో మంచాలు డాబా మీదికి వస్తాయి కాబట్టి ఆకాశం ఫ్రీ. మే రాత్రుల్లో పది దాటాక ఆగ్నేయం వైపు వృశ్చికం తేలు ఆకారంలోనే కనిపిస్తుంది, అమావాస్య దగ్గర, ఊరి లైట్లకి దూరంగా ఉంటే అర్ధరాత్రి తర్వాత పాలపుంత కూడా. పిక్సెల్ 4తో 2019లో గూగుల్ ఆస్ట్రో మోడ్ తెచ్చింది, అది దాదాపు 4 నిమిషాలు తీసి కలుపుతుంది. ఫోన్ కదలకూడదు, రెండు ఇటుకలు చాలు. ఇక్కడ మళ్లీ వేడి అడ్డొస్తుంది. సెన్సర్ వేడి ప్రతి 6 నుంచి 8 డిగ్రీలు పెరిగినప్పుడల్లా అందులో పుట్టే డార్క్ కరెంట్ రెట్టింపవుతుంది. పగటి ఫోటోలో సెకనులో వెయ్యో వంతే కాబట్టి తెలీదు. నాలుగు నిమిషాల ఫోటోలో ఎర్ర, నీలి చుక్కలుగా తేలుతుంది. సాయంత్రం అంతా రీల్స్ చూసి, చార్జింగ్ పెట్టి, వెంటనే ఆకాశం తీయకండి. ఫోన్‌ని ఓ అరగంట ఊరికే వదిలేసి తీయండి.

రోహిణి కార్తె దాటి, మృగశిర వచ్చి, నాలుగు చినుకులు పడగానే ఎర్ర నేలల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. వెల్వెట్ గుడ్డ ముక్కలా ఉంటాయి, కొన్ని రోజులే కనిపిస్తాయి. మ్యాక్రోకి వాటిని మించిన సబ్జెక్ట్ లేదు. 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా అని కవర్ మీద వేసేది వదిలేయండి, అది లెక్కకి పెట్టిన కెమెరా. ఆటోఫోకస్ ఉన్న అల్ట్రావైడ్‌తో మూడు సెంటీమీటర్ల దాకా వెళ్లండి, అది లేకపోతే మెయిన్ కెమెరాతో కాస్త దూరంగా తీసి క్రాప్ చేసుకోండి. చేత్తో తీసి అరచేతిలో పెట్టుకోవద్దు, నేల మీద ఉండగానే తీయండి. ఎక్స్‌పోజర్ మైనస్ 1కి లాగడం మర్చిపోవద్దు, ఎందుకంటే అదీ మిర్చి ఎరుపే.